చెప్పుకోలేని నేరం: మాక్‌బెత్ దంపతుల పతనంపై నాలుగు శతాబ్దాల చర్చ

మాక్‌బెత్ నాటకం మీద ఏ గైడు తెరిచినా, ఏ డిగ్రీ ప్రశ్నపత్రం చూసినా ఒక ప్రశ్న తప్పదు: అధికార కాంక్ష, అపరాధ భావం ఆ దంపతులను ఎలా నాశనం చేశాయి? జవాబు కూడా విద్యార్థులకు కంఠతా వచ్చిందే. అతనికి రాజ్యం మీద ఆశ పుట్టింది, ఆమె ఆజ్యం పోసింది, ఇద్దరూ కలిసి ఇంటికొచ్చిన రాజును చంపారు. పాపం పండింది, ఆమెకు మతి చలించింది, అతని తల తెగింది. దురాశ దుఃఖానికి చేటు. ఈ జవాబులో తప్పు లేదు గానీ, ఇంతమాత్రం తెలుసుకోవడానికి షేక్‌స్పియర్ దాకా పోనక్కర్లేదు. 1606 ప్రాంతంలో రాసిన ఈ చిన్న నాటకం చుట్టూ నాలుగు వందల ఏళ్ళుగా విమర్శకులు, నటులు, మనస్తత్వవేత్తలు, సినిమా దర్శకులు తిరుగుతూనే ఉన్నారంటే ఆ జవాబు ఎవరికీ తృప్తినివ్వలేదన్నమాట. వాళ్ళు చెప్పిన వాటిలో ఏవి నిలుస్తాయి, ఏవి నిలవవు అన్నది ఇక్కడ చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆశ ఆ ఇద్దరి చేత హత్య చేయించింది, అపరాధ భావం వాళ్ళను కుదిపేసింది. కానీ వాళ్ళను లోపలి నుంచి తినేసింది మాత్రం ఆ అపరాధాన్ని ఎవరి ముందూ, చివరికి ఒకరి ముందు ఒకరు కూడా, నోరు విప్పి చెప్పుకోలేకపోవడం.

ముందు ఆశ సంగతి. మాక్‌బెత్ నీతి తెలియక పాపం చేసినవాడు కాడు. మొదటి అంకం చివర, లోపల రాజుకు విందు జరుగుతుంటే బయటికొచ్చి ఒంటరిగా నిలబడి, ఆ పని ఎందుకు చేయకూడదో తనకు తానే చెప్పుకుంటాడు. డంకన్ తన బంధువు, తన రాజు, ఆ రాత్రికి తన అతిథి. పైగా మెత్తని మనిషి, మచ్చలేని పాలకుడు. నెత్తురు చిందించడం ఒకసారి నేర్పితే అది నేర్పినవాడి మీదికే తిరిగి వస్తుంది. ఇన్ని చెప్పుకుని, తనను ముందుకు తోస్తున్నది ఒట్టి అధికార కాంక్ష తప్ప మరేమీ కాదని ఒప్పుకుంటాడు కూడా. గైడులో రాసిన నీతి మొత్తం హత్యకు ముందే హంతకుడి నోట వినిపిస్తుంది. తెలిసి చేశాడు. కాబట్టి ‘ఆశ చెడ్డది’ అని చెప్పి ఊరుకుంటే, అతనికి అప్పటికే తెలిసిన దానికంటే మనం ఒక్క మాట కూడా అదనంగా చెప్పినట్టు కాదు.

షేక్‌స్పియర్ ఈ ఆశను ఎంత శ్రద్ధగా వివస్త్రను చేశాడో తెలియాలంటే అతను చదివిన చరిత్ర పుస్తకం వైపు చూడాలి. రాఫెల్ హోలిన్షెడ్ చరిత్ర 1577లో వచ్చింది, 1587లో పెంచిన ముద్రణ వెలువడింది. అందులో మాక్‌బెత్‌కు తన వాదన తనకుంది. డంకన్ చేతగాని రాజు. పాత ఆచారం ప్రకారం సింహాసనానికి మాక్‌బెత్‌కు అవకాశం ఉండగా, కొడుకు మాల్కమ్‌ను వారసుడిగా ప్రకటించి ఆ దారి మూసేశాడు. తోటి సేనాని బాంకో కూడా హత్య కుట్రలో భాగస్వామే. రాజైన తర్వాత మాక్‌బెత్ మంచి చట్టాలు చేసి పదేళ్ళు సక్రమంగా పాలించాడని కూడా ఆ పుస్తకం చెబుతుంది. అసలు చరిత్రలోని మాక్‌బెత్ ఇంకా దూరం. 1040లో డంకన్ చనిపోయింది పడకగదిలో కాదు, ఎల్గిన్ దగ్గర యుద్ధంలో. మాక్‌బెత్ పదిహేడేళ్ళు పాలించాడు, 1050లో రోముకు యాత్ర చేసి పేదలకు డబ్బు పంచాడు. 1057లో లంఫానన్ దగ్గర మాల్కమ్ సేనల చేతిలో చచ్చిపోయాడు. మధ్యయుగపు స్కాట్లాండ్ లెక్కల్లో చూస్తే అతను అంత చెడ్డ రాజేమీ కాదు.

షేక్‌స్పియర్ ఈ సాకులన్నిటినీ ఒక్కొక్కటిగా పీకేశాడు. డంకన్‌ను తండ్రి వయసు పెద్దమనిషిని చేశాడు. పదేళ్ళ మంచి పాలనను చెరిపేసి, కథను ఊపిరాడని కొద్ది రోజుల్లోకి కుదించాడు. బాంకోను కుట్ర నుంచి తప్పించాడు. దానికి రాజకీయ కారణం కూడా ఉంది: 1603లో ఇంగ్లండ్ సింహాసనమెక్కిన జేమ్స్ రాజు తన వంశం బాంకో నుంచి వచ్చిందని నమ్మేవాడు. అతిథిగా వచ్చిన రాజును భార్య ప్రోద్బలంతో చంపించిన కథ హోలిన్షెడ్‌లో మరొకచోట, డాన్వాల్డ్ అనే సేనాని కథగా ఉంది. దాన్ని తెచ్చి ఇక్కడ అతికించాడు. ఫలితంగా అన్యాయం జరిగిందన్న అక్కసు గానీ, హక్కు అన్న పట్టుదల గానీ లేని ఒంటరి ఆశ మిగిలింది. సమర్థించుకోవడానికి ఒక్క మాట లేని నేరం చేసినవాడు దాని గురించి ఎవరితో ఏమని మాట్లాడతాడు? నాటకంలోని మౌనానికి పునాది ఇక్కడే పడిందని నాకనిపిస్తుంది.

దుర్యోధనుణ్ణి తలచుకుంటే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. పాండవోద్యోగ విజయాలు చూసి పెరిగిన తెలుగు ప్రేక్షకులకు రాజ్యకాంక్ష కొత్త కాదు. కానీ దుర్యోధనుడి దగ్గర తన ఆశకు సరిపడా వాదన ఉంది. నిండుసభలో గొంతెత్తి చెబుతాడు, వెనకేసుకొచ్చే కర్ణుడున్నాడు. అతను యుద్ధంలో కూలిపోతాడు గానీ లోపల కుళ్ళిపోడు. నిద్ర పట్టనిది అతని తండ్రికి. ధృతరాష్ట్రుడు రాత్రంతా విదురుణ్ణి కూర్చోబెట్టుకుని తన గుబులు చెప్పుకుంటాడు. తెల్లవారాక మళ్ళీ పాతదారే పడతాడన్నది నిజమే, చెప్పుకున్నంత మాత్రాన మనిషి మారిపోడు. అయినా విదురుడు ఎదురుగా కూర్చున్నందుకే అతనికి ఆ రాత్రి గడిచింది. మాక్‌బెత్ కోటలో విదురుడు లేడు.

ఇక విమర్శకులు. పద్దెనిమిదో శతాబ్దంలో శామ్యూల్ జాన్సన్ ఈ నాటకంలో పాత్రల సూక్ష్మభేదాలు పెద్దగా లేవని, సంఘటనల ఒరవడే పాత్రలను నడిపిస్తుందని తేల్చాడు. లేడీ మాక్‌బెత్ మీద మనకు అసహ్యం తప్ప ఏమీ కలగదన్నాడు. మాక్‌బెత్ ధైర్యం వల్ల అతని మీద కొంత గౌరవం మిగులుతుందట, అయినా అతను పడిపోతే చదివేవాళ్ళంతా సంతోషిస్తారట. జాన్సన్ గొప్ప విమర్శకుడే, కానీ లేడీ మాక్‌బెత్ విషయంలో ఈ తీర్పు ఆయన బతికుండగా నిలిచినా తర్వాత నిలవలేదు. దాన్ని కొట్టేసింది మరో విమర్శకుడు కాదు, ఒక నటి. ఆయన మరణించిన మరుసటి ఏడాది, 1785లో, సారా సిడన్స్ లండన్‌లో లేడీ మాక్‌బెత్ వేసింది. నిద్రలో నడిచే దృశ్యంలో అంతకుముందు నటీమణులు చేతిలో దీపం పట్టుకునే ఉండేవారు. సిడన్స్ దాన్ని కింద పెట్టేసింది. నాటకశాల పెద్దలు వద్దన్నా వినలేదు. రెండు చేతులూ ఖాళీగా లేకపోతే నెత్తురు మరక కడుక్కోవడం ఎలా కుదురుతుంది? ఆ ఒక్క మార్పుతో రాక్షసి అనుకున్న మనిషి నలిగిపోయిన మనిషిగా కనిపించింది. ఈ పాత్ర మీద సిడన్స్ రాసుకున్న వ్యాసంలో, లేడీ మాక్‌బెత్ దృఢకాయురాలు కాదని, సుకుమారి, బహుశా బలహీనురాలు అయివుంటుందని వాదించింది. భర్త ముందు బింకం చూపించడానికే ఆమె శక్తంతా ఖర్చయిపోయిందన్నది ఆ వాదనలోని సారం. జాన్సన్ పేజీ మీద చూడలేనిదాన్ని సిడన్స్ ఒంటితో కనిపెట్టింది.

1823లో థామస్ డీక్విన్సీ ఒక్క శబ్దం మీద వ్యాసం రాశాడు. హత్య జరిగిన వెంటనే కోట తలుపు మీద ఎవరో దబదబా కొడతారు. ఆ చప్పుడు వింటే చిన్నప్పటి నుంచీ తనకు అంత గగుర్పాటు ఎందుకు కలిగేదని ఆయన ప్రశ్న. హత్యా సమయంలో మామూలు మనుషుల లోకం ఆగిపోతుందని, తలుపు చప్పుడుతో అది తిరిగి కదులుతుందని, ఆ క్షణంలోనే జరిగిన ఘోరం ఎంతటిదో తెలిసివస్తుందని ఆయన జవాబు. మన జాలి హతుడి మీద కాక హంతకుడి మనసు మీద నిలిచేలా షేక్‌స్పియర్ చేశాడని గుర్తించినవాళ్ళలో డీక్విన్సీ ముఖ్యుడు. అయితే ఆ తలుపు తీసేది తాగిన కాపలావాడు. అతను తనను నరకద్వారపాలకుడిగా ఊహించుకుంటూ, రెండర్థాల మాటలతో ప్రమాణం చేసి దేవుణ్ణి మోసం చేయబోయినవాణ్ణి లోపలికి పిలుస్తాడు. ఈ దృశ్యం షేక్‌స్పియర్ రాసింది కాదని కోల్‌రిడ్జ్ కొట్టిపారేశాడు. అక్కడ కోల్‌రిడ్జ్ చాలా పోగొట్టుకున్నాడనుకుంటాను.

ఎందుకంటే ఆ కాపలావాడి మాటల వెనక 1606 నాటి లండన్ ఉంది. అంతకుముందు నవంబరు 5న పార్లమెంటును పేల్చేయాలన్న తుపాకిమందు కుట్ర బయటపడింది. జెస్యూట్ గురువు హెన్రీ గార్నెట్‌ను విచారించి ఉరి తీశారు. కుట్ర సంగతి తనకు పాపసంకీర్తనంలో తెలిసిందని, ఆ రహస్యం బయటపెట్టడం గురువు ధర్మం కాదని ఆయన వాదించాడు. అబద్ధమాడకుండానే నిజం దాచే రెండర్థాల మాటల సిద్ధాంతం ఆ విచారణలో పెద్ద రచ్చయింది. నేరాన్ని ఎవరికి చెప్పాలి, విన్నవాడు ఏం చేయాలి, చెప్పకుండా దాచితే అదెంత పాపం అన్న ప్రశ్నలు ఊరంతా మోగుతున్న కాలంలో పుట్టిన నాటకం ఇది. పాత మతాచారంలో గురువు చెవిలో పాపం చెప్పుకోవడం విధిగా ఉండేది. ఇంగ్లండ్‌లో మతసంస్కరణ తర్వాత ఆ విధి పోయింది. నేరం చేసిన మనసు ఎక్కడికి పోవాలన్నది అందువల్ల కొత్త తీవ్రతతో అడగాల్సిన ప్రశ్న అయింది.

ఇరవయ్యో శతాబ్దపు చర్చకు ఎ. సి. బ్రాడ్లీ 1904 నాటి ‘షేక్‌స్పియరియన్ ట్రాజెడీ’ ఇప్పటికీ మొదటి మెట్టు. మాక్‌బెత్‌కు కవికి ఉండేంత ఊహాశక్తి ఉందని, అతని అంతరాత్మ నీతి మాటలతో కాక దృశ్యాలతో మాట్లాడుతుందని ఆయన అన్నాడు. గాలిలో తేలే కత్తి, నిద్రను చంపేశావని అరిచే గొంతు, ఎన్ని సముద్రాలతో కడిగినా పోని ఎరుపు ఇవన్నీ అతని మంచితనమే. కానీ అవి తనలోని మంచి గొంతుకలని అతను గుర్తుపట్టలేడు. తనను బెదిరించే దయ్యాలనుకుంటాడు. భయాన్ని పోగొట్టుకోవాలని ఇంకో హత్య చేస్తాడు. ఇంతకంటే పదునైన పరిశీలన మాక్‌బెత్ మీద మరొకటి నేను చదవలేదు. అపరాధ భావం అతన్ని పశ్చాత్తాపం వైపు ఎందుకు నడిపించలేదో, రెండో హత్యకు ఎందుకు పురికొల్పిందో ఇది వివరిస్తుంది.

బాంకోనూ బ్రాడ్లీ వదల్లేదు. మంత్రగత్తెల జోస్యం విన్నది మాక్‌బెత్, బాంకో ఇద్దరూ. రాజువవుతావని వాళ్ళు మాక్‌బెత్‌తో చెప్పారే గాని చంపమనలేదు, కాబట్టి విధిరాత అన్న వాదన ఎక్కువ దూరం పోదు. బాంకోకు మాక్‌బెత్ మీద అనుమానం ఉంది. ఆ అనుమానం ఎవరికీ చెప్పడు. తన సంతతి రాజులవుతారన్న మాట అతని గుండెలోనూ తియ్యగా ఉంది. చేయని నేరం గురించి మౌనంగా ఉండటానికి కూడా ఆశే కారణమైంది.

ఫ్రాయిడ్ 1916లో వేసిన ప్రశ్న వేరు. కోరుకున్నది అందని మనిషి కూలిపోవడం సహజమే, అందిన తర్వాత ఎందుకు కూలిపోవాలి? విజయం వల్ల చితికిపోయినవాళ్ళకు ఆయన లేడీ మాక్‌బెత్‌ను ఉదాహరణగా తీసుకున్నాడు. పిల్లలు లేకపోవడమే ఆమెకు పడిన శిక్షా అని ఆలోచించాడు. రాజ్యం దక్కింది, ఇవ్వడానికి వారసుడు లేడు. హోలిన్షెడ్ చరిత్రలోలాగా పదేళ్ళు గడిచి ఉంటే ఆ నిరాశ అర్థమయ్యేదే, నాటకంలో కాలం అంత లేదు గదా అని తనే ఆగిపోయాడు. ఈ చిక్కు తనకు విడివడలేదని రాసేశాడు. ఆ నిజాయితీ నాకెంతో నచ్చుతుంది. చివర మరో దారి చూపించాడు: భార్యాభర్తలిద్దరూ ఒకే మనిషి రెండుగా చీలిన రూపాలు కావచ్చు. అతను భయపడింది ఆమెకు జరుగుతుంది. నిద్ర పోయిందని అరిచింది అతను, నిద్రలో నడిచింది ఆమె. చేతుల నెత్తురు చూసి వణికింది అతను, కాసిని నీళ్ళతో పోయేదేనని అప్పుడు తేలిగ్గా తీసేసిన ఆమె తర్వాత రాత్రుళ్ళు చేతులు రుద్దుకుంటూ ఉండిపోయింది.

పిల్లల ప్రశ్న అక్కడితో ఆగలేదు. లేడీ మాక్‌బెత్ ఒకప్పుడు బిడ్డకు పాలిచ్చానంటుంది, ఆ బిడ్డ ఏమైనట్టు? ఇలాంటి ఆరాలు తీయడం బ్రాడ్లీ తరహా విమర్శలోని జబ్బు అంటూ ఎల్. సి. నైట్స్ 1933లో ఆమెకు ఎందరు పిల్లలన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టి వ్యాసం రాశాడు. పాత్రలు మనుషులు కారు, నాటకాన్ని కవితలా చదవాలన్నాడు. 1947లో క్లియాంత్ బ్రూక్స్ అలాగే చదివి, నాటకమంతటా పసిబిడ్డలే కనిపిస్తారని చూపించాడు. మాక్‌బెత్ యుద్ధం చేస్తున్నది భవిష్యత్తు మీద, ఆ భవిష్యత్తుకు గుర్తు పిల్లలు. మంచి పరిశీలనే. అయినా నైట్స్ హెచ్చరికను నేను సగమే ఒప్పుకుంటాను. రంగస్థలం మీద ఆ పాత్ర వేసే నటికి ఆ బిడ్డ సంగతి తేల్చుకోక తప్పదు. 1992లో జానెట్ అడెల్మన్ మాతృత్వం చుట్టూ ఉన్న భయాల నుంచి ఈ నాటకాన్ని చదివినప్పుడు ఆ ప్రశ్న మరో రూపంలో వెనక్కి రానే వచ్చింది.

1980ల్లో రాజకీయ విమర్శకులు ప్రశ్ననే మార్చేశారు. టెరీ ఈగిల్టన్ మంత్రగత్తెలే ఈ నాటకపు కథానాయికలన్నాడు. అది చదవడానికి ఉత్సాహంగా ఉంటుంది గానీ, మాక్‌బెత్ పంపిన హంతకుల చేతిలో, మాక్‌డఫ్ అనే ప్రభువు ఇంట్లో చచ్చిపోయిన పిల్లవాడి ముందు నాకది నిలవదు. అలన్ సిన్‌ఫీల్డ్ వాదన బరువైంది. మొదటి దృశ్యాల్లో మాక్‌బెత్ ఒక తిరుగుబాటుదారుణ్ణి నిలువునా చీల్చి తల నరికి కోటగోడ మీద పెడితే రాజు మెచ్చుకుంటాడు, బిరుదులిస్తాడు. అదే కత్తి రాజు మీదికి తిరిగితే పాపమంటారు. ఏ నెత్తురుకు అపరాధ భావం కలగాలో రాజ్యమే నిర్ణయిస్తోందన్నమాట. ఈ మాట విన్నాక నాటకం మునుపటిలా కనిపించదు. కానీ మాక్‌బెత్‌కు మాత్రం ఆ రెండు నెత్తుర్ల మధ్య తేడా స్పష్టంగా తెలుసు. యుద్ధం చేసి వచ్చిన రాత్రి అతనికి నిద్ర పట్టకపోవడమన్నది లేదు.

విమర్శల సంగతి ఇలా ఉంటే, నాటకంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే చోటు మూడో అంకంలోని ఒక చిన్న దృశ్యం. బాంకోను చంపడానికి మనుషులు బయల్దేరారు. రాణి ఒంటరిగా ఉంది. అంతా ఖర్చుపెట్టి ఏమీ దక్కలేదని, కోరిక తీరినా మనసుకు శాంతి లేదని తనలో తాను అనుకుంటుంది. అంతలో భర్త వస్తాడు. వెంటనే ముఖం మార్చేసి, ఒంటరిగా ఎందుకుంటున్నావు, అయిపోయిందేదో అయిపోయింది అని అతనికి ధైర్యం చెబుతుంది. ఒక్క నిమిషం ముందు తను అనుకున్న మాటే అతనితో అనుంటే ఏం జరిగేదో! అతనూ పీడకలలతో నలిగిపోతున్నాడు. చచ్చిన డంకన్ హాయిగా నిద్రపోతున్నాడని అసూయపడుతున్నాడు. ఇద్దరిదీ ఒకే బాధ. కానీ ఆమె తన బాధ దాచింది, అతను తను చేయించబోతున్న హత్య దాచాడు. నీకు తెలియకపోవడమే మంచిదన్నాడు. జోస్యం విన్న రోజు ఆగలేక భార్యకు ఉత్తరం రాసి, వైభవంలో నువ్వు నాకు భాగస్వామివన్న మనిషే ఇతను.

ఆ తర్వాత విందు. బాంకో ప్రేతం అతని కుర్చీలో కూర్చుంటుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకముందే రాజు కేకలేస్తాడు. రాణి సర్దిచెబుతుంది, కప్పిపుచ్చుతుంది, అతిథులను పంపేస్తుంది. అందరూ వెళ్ళాక ఆమె అతన్ని నిందించదు. నీకు నిద్ర కరువైందని మాత్రం అంటుంది. ఇక నాటకం ముగిసేదాకా ఆ భార్యాభర్తలిద్దరూ వేదిక మీద కలిసి కనిపించరు. షేక్‌స్పియర్ విడాకుల దృశ్యం రాయలేదు, దెబ్బలాట రాయలేదు. కలవడం ఆపేశాడంతే.

మళ్ళీ ఆమెను చూసేది అయిదో అంకంలో, నిద్రలో నడుస్తూ. పరిచారిక వైద్యుడితో చెప్పే ఒక సంగతిని చాలామంది పట్టించుకోరు. రాణి నిద్రలోనే లేచి, పెట్టె తీసి, కాగితం మడిచి, దాని మీద ఏదో రాసి, చదువుకుని, ముద్ర వేసి, మళ్ళీ పడుకుంటుందట. నాటకంలో ఆమె మొదటిసారి కనిపించినప్పుడు భర్త ఉత్తరం చదువుతోంది. ఇప్పుడు ఎవరికో ఉత్తరం రాస్తోంది. మెలకువలో నోరు పెగలని మనిషి నిద్రలో రాస్తోంది, మాట్లాడుతోంది. వినడానికి ఇద్దరున్నారు. కానీ పరిచారిక, తనకు సాక్షి లేడు కాబట్టి విన్నదాన్ని తిరిగి చెప్పనంటుంది. వైద్యుడు, ఈమెకు వైద్యుడికంటే మతగురువు అవసరమని, తను ఆలోచించగలడు గానీ మాట్లాడలేడని వెళ్ళిపోతాడు. రాజు ఆ వైద్యుణ్ణే పిలిచి, మనసులో పాతుకుపోయిన దుఃఖాన్ని పెరికే మందు లేదా అని అడిగితే, రోగి తన వైద్యం తానే చేసుకోవాలన్న జవాబు వస్తుంది. దంపతుల గదిలో మొదలైన మౌనం ఇలా దేశమంతా పాకింది. లెనాక్స్ అనే ప్రభువు తన అనుమానాన్ని తిప్పి తిప్పి చెబుతాడు. ఇంగ్లండ్ చేరుకున్న మాక్‌డఫ్‌ను మాల్కమ్ నమ్మలేక, లేని దుర్గుణాలు తనకు అంటగట్టుకుని పరీక్షిస్తాడు. నిజం చెప్పడానికి ముందు అబద్ధమాడాల్సిన దేశమైపోయింది స్కాట్లాండ్.

చెప్పుకోగలిగినవాళ్ళు కూడా ఈ నాటకంలో ఇద్దరున్నారు. కాడర్ ప్రభువు రాజద్రోహి. మొదటి అంకంలోనే అతనికి మరణశిక్ష పడుతుంది. చనిపోయే ముందు ద్రోహాన్ని ఒప్పుకుని, క్షమాపణ అడిగి, నిబ్బరంగా పోయాడని మాల్కమ్ చెబుతాడు. బతికినంత కాలంలోనూ ఆ చావంత గౌరవంగా అతనేదీ చేయలేదట. ఆ చచ్చినవాడి బిరుదే మాక్‌బెత్‌కు వచ్చింది. బిరుదు తీసుకున్నాడు, ఆ ఒప్పుకోలు మాత్రం అతనికి చేతకాలేదు. హత్య జరిగిన రాత్రే, పక్కగదిలో నిద్రలో ఉలిక్కిపడినవాళ్ళు ప్రార్థన చేసుకుంటే ‘ఆమెన్’ అన్న చిన్న మాట అతని గొంతులో ఇరుక్కుపోతుంది. దీవెన అవసరమైంది తనకే కదా, ఎందుకు అనలేకపోయానని భార్యను అడుగుతాడు. అంత లోతుగా ఆలోచించొద్దు, పిచ్చెక్కుతుందంటుంది ఆమె. అది అతని చివరి నిజమైన ప్రశ్న. ఆమె దానికి జవాబిచ్చి ఉండాల్సింది.

రెండోవాడు మాక్‌డఫ్. భార్యాబిడ్డలను దిక్కులేకుండా వదిలి ఇంగ్లండ్ వచ్చాడు, మాక్‌బెత్ వాళ్ళందరినీ చంపించాడు. వార్త విని టోపీ కళ్ళ మీదికి లాక్కున్న మాక్‌డఫ్‌తో, దుఃఖాన్ని మాటల్లో పెట్టకపోతే గుండె పగులుతుందని మాల్కమ్ అంటాడు. మాక్‌డఫ్ పెడతాడు. వాళ్ళు పోయింది వాళ్ళ తప్పుకు కాదు, తన పాపానికని తోటివాళ్ళ ముందు ఒప్పుకుంటాడు. మగాడిలా ఎదుర్కోమంటే, మగాడిలా బాధపడటం కూడా అవసరమే అంటాడు. మగతనం పేరు చెప్పి భర్త నోరు మూయించిన లేడీ మాక్‌బెత్ మాటలకు ఇంత సూటి జవాబు మరొకటి లేదు. మాక్‌డఫ్‌ది కూడా అపరాధ భావమే. అది అతన్ని నాశనం చేయలేదు.

చేతులు కడుక్కోవడం సంగతి ప్రయోగశాలకూ చేరింది. 2006లో జాంగ్, లిల్యెన్‌క్విస్ట్ అనే ఇద్దరు పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. తాము చేసిన చెడ్డపనిని గుర్తుచేసుకున్నవాళ్ళు చేతులు తుడుచుకునే వస్తువుల వైపు ఎక్కువ మొగ్గుతారని అందులో తేల్చారు. దానికి మాక్‌బెత్ ప్రభావమన్న పేరు స్థిరపడింది. అదే ప్రయోగాన్ని తర్వాత చేసి చూసిన మరికొందరికి ఆ ఫలితం రాలేదు. లేడీ మాక్‌బెత్‌కు దీనివల్ల వచ్చిన లోటేమీ లేదు. ఆమెకు కడుక్కోవడం వల్ల ఉపశమనం దొరకలేదన్నదే కదా నాటకం చెప్పింది.

సినిమాలు ఈ చర్చను పుస్తకాలకంటే ధైర్యంగా ముందుకు తీసుకెళ్ళాయి. అకిరా కురొసావా 1957 సినిమా ‘థ్రోన్ ఆఫ్ బ్లడ్’లో లేడీ మాక్‌బెత్ స్థానంలో ఉన్న అసాజి ముఖం జపాన్ ‘నో’ నాటకాల ముసుగులా కదలకుండా ఉంటుంది. ఆమెకు గర్భం వస్తుంది, బిడ్డ చచ్చి పుడుతుంది. ఫ్రాయిడ్ ఆగిపోయిన చోట కురొసావా ఒక అడుగు వేశాడు. విశాల్ భరద్వాజ్ ‘మక్బూల్’ 2003లో కథను ముంబై నేరప్రపంచంలోకి తెచ్చింది. హైదరాబాదులో పుట్టి, ‘నిన్నే పెళ్ళాడతా’తో మనవాళ్ళకు దగ్గరైన టబు ఇందులో నిమ్మీగా, డాన్ అబ్బాజీ ఉంపుడుగత్తెగా కనిపిస్తుంది. ఇర్ఫాన్ ఖాన్ మక్బూల్. ఇక్కడ ఆశకు ముందు ప్రేమ ఉంది, చంపడానికి కారణం సింహాసనం ఎంతో ఆ స్త్రీ కూడా అంతే. కడుపులో బిడ్డ ఎవరిదన్న అనుమానం ఇద్దరి మధ్యా పెరుగుతుంది. నెత్తురు మరకలు రుద్దుతున్న నిమ్మీ పక్కన మక్బూల్ కూర్చుని ఉంటాడు. షేక్‌స్పియర్ విడదీసిన జంటను భరద్వాజ్ చివరిదాకా కలిపే ఉంచాడు, అయినా కాపాడలేకపోయాడు. నా వాదనకు ఇది ఎదురు సాక్ష్యమని ఒప్పుకోవాల్సిందే. మలయాళంలో దిలీష్ పోత్తన్ తీసిన ‘జోజి’ 2021లో అచ్చంగా వేరే దారి పట్టింది. అందులోని కొడుక్కు ఆశ ఉంది, భయం ఉంది, అపరాధ భావం దాదాపు లేదు. అది తీసేస్తే మిగిలేది విషాదం కాదని, ఒక చల్లని నేరకథ అని ఆ మంచి సినిమా చూస్తే తెలుస్తుంది. మనం మాక్‌బెత్ కోసం బాధపడేది అతను బాధపడుతున్నాడు కాబట్టే.

ఇక్కడే విమర్శకుల్లో చాలామంది ఒప్పుకునే ఒక మాటతో నేను విభేదిస్తాను. మాక్‌డఫ్ కుటుంబాన్ని చంపించాక మాక్‌బెత్ మొద్దుబారిపోయాడని, అపరాధ భావం అతనిలో చచ్చిపోయిందని వాళ్ళంటారు. ఆధారాలు లేకపోలేదు. స్త్రీల ఏడుపు వినిపిస్తే, ఇలాంటి చప్పుళ్ళకు ఒకప్పుడు ఒళ్ళు జలదరించేది, ఇప్పుడు ఏమీ కావడం లేదని అతనే అంటాడు. రాణి చనిపోయిందన్న కబురుకు ఏడవడు. రోజులన్నీ ఒకదాని వెనక ఒకటి అర్థం లేకుండా పాకిపోతున్నాయని మాత్రం అనుకుంటాడు. చివర మాల్కమ్ వాళ్ళిద్దరినీ ఒక కసాయి, ఒక రాక్షసి అని తీసిపారేస్తాడు. గెలిచినవాడి లెక్క అది.

కానీ ఆ చివరి పోరులో మాక్‌డఫ్ ఎదురుపడిన క్షణం చూడండి. అప్పటికి మాక్‌బెత్‌కు, మంత్రగత్తెల జోస్యం వల్ల, స్త్రీ కడుపున పుట్టినవాడెవడూ తననేమీ చేయలేడన్న నమ్మకం చెక్కుచెదరలేదు. మాక్‌డఫ్ అంటే ప్రాణభయం లేదు. అయినా, అందరిలోనూ నిన్నొక్కడినే తప్పించుకు తిరిగాను, వెనక్కి పొమ్మంటాడు. నీవాళ్ళ నెత్తురు ఇప్పటికే నా ఆత్మ మీద మోయలేనంత ఉందంటాడు. మొద్దుబారిన మనిషి అనే మాట కాదది. భార్యతో అనలేకపోయింది, ప్రార్థనలో గొంతు దాటి రానిది, వైద్యుణ్ణి మరో మనిషి గురించి అడిగినట్టు అడిగింది, ఇప్పుడు సూటిగా, ఎవరి పట్ల నేరం చేశాడో ఆ మనిషి ముఖం చూసి చెప్పాడు. ఆ మాటకు ఏ సాకూ తగిలించలేదు. మాక్‌డఫ్ దగ్గర దానికి మాటల్లో జవాబు లేదు. అలాగని చెప్పే కత్తి ఎత్తుతాడు.